గంజి పెట్టిన గది

మా తోటికోడలు నోరు తెరిస్తే బస్సులు కదిలేవి. ఇది పొగడ్త కాదు, జరిగిన సంగతి. ఇరవై రెండేళ్లు తను బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది బయలుదేరబోతోందో చెప్పింది. తను "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అన్నాకే డ్రైవర్లు టీ గ్లాసు కింద పెట్టేవారు. తన మొహం ఎవరికీ తెలియదు. కానీ కూరగాయల బండి దగ్గర నిలబడి "టమాటాలు ఎలా ఇస్తున్నావు?" అని అడిగిందంటే, చుట్టూ ఉన్నవాళ్లు ఉలిక్కిపడి చేతిసంచులు సర్దుకునేవారు.

తన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేను చదివింది నాలుగో తరగతి, అదీ పరీక్షల ముందు మానేశాను. కానీ ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే కప్పు కింద తనతో కాపురం చేసినదాన్ని. నాకు తెలిసినంత తన మొగుడికి కూడా తెలియదు. అతను నాకు మరిది, బేకరీలో పొయ్యి దగ్గర పని. పొద్దున నాలుగింటికి వెళ్లి మధ్యాహ్నానికి వచ్చి, ఒంటినిండా పిండితో సోఫాలో కూలబడతాడు. అతనికేం తెలుస్తుంది!

నాది ముందు గది. అందులోనే నా కుట్టుమిషను, నా దుకాణం. పరుపులు, బొంతలు, కర్టెన్లు కుడతాను. మా ఆయన ఉన్నప్పుడు ఇద్దరం కుట్టేవాళ్లం, ఆయన పోయి ఆరేళ్లు, ఇప్పుడు నేనొక్కదాన్నే. గుడ్డని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపానంటే దాన్ని ఎన్నిసార్లు ఉతికారో చెప్పగలను. నా కర్టెన్లు ఎవరింట్లో వేలాడుతున్నా వీధిలోంచే గుర్తుపట్టవచ్చు. నేను పెట్టినంత గంజి ఎవరూ పెట్టరు. కాగితంలా నిలబడతాయి. నా చేతి గంజికి పేరుంది.

తోటికోడలు ఈ ఇంటికి వచ్చేనాటికి తనకి ఇరవై ఒకటి, నాకు ముప్ఫై ఆరు. వచ్చిన రోజే మంచినీళ్లు అడిగింది. మెల్లగానే అడిగింది పాపం, అయినా పెరట్లో బట్టలు ఆరేస్తున్న మా అత్తగారు "వస్తున్నా" అని పరిగెత్తుకొచ్చింది. కొన్నాళ్లకి బస్టాండులో ఉద్యోగం దొరికింది. ఆ తరవాత ఇంట్లో కూడా అదే ధోరణి. వంట అవగానే గుమ్మంలో నిలబడి, "ప్రయాణికులకు గమనిక. భోజనము మరికొద్దిసేపటిలో వంటగది నుండి బయలుదేరును. ఆలస్యముగా వచ్చువారికి అడుగుమాడినది మిగులును" అనేది. మా మరిది పడీ పడీ నవ్వేవాడు. నేను మాత్రం నవ్వేదాన్ని కాదు. "ఏమే, ఆ గొంతు బస్టాండులోనే పెట్టి రాలేవూ? ఇల్లు ఇంతే ఉంది" అనేదాన్ని. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. తనూ ఎప్పుడూ నొచ్చుకున్నట్టు కనపడలేదు.

తరవాత బస్టాండులోకి మిషను వచ్చింది. ఎవరో ఎక్కడో ఒకసారి చదివి పెట్టిన అంకెలన్నీ అతికించి అదే చెప్పేస్తుంది. దానికి జలుబు చెయ్యదు, సెలవు అక్కర్లేదు. మా దాన్ని తీసుకెళ్లి పోయిన సామాన్ల కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. ఎవరో మరిచిపోయిన గొడుగులు, టిఫిను డబ్బాల మధ్య రెండేళ్లు కూర్చుని, ఇక చాలని మానేసింది.

ఇంట్లో గమనికలు ఆగిపోయాయి. భోజనం చడీచప్పుడు లేకుండా బల్ల మీదికి వచ్చేది. నేను కోరుకున్నదే కదా, నాకు హాయిగా ఉండాలి. ఉండలేదు. కుట్టుమిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి, వంటగది వైపు చెవి పెట్టేదాన్ని. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

అలాంటిది, ఒకరోజు మధ్యాహ్నం తను ఫోను పట్టుకుని నా దుకాణంలోకి వచ్చింది.

"అక్కా, వినే పుస్తకాల కంపెనీ అట. చూపు లేనివాళ్ల కోసం, చదివే తీరిక లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివించి పెడతారట. ఇంట్లో కూర్చునే చదివి పంపవచ్చట."

"పుస్తకం మొత్తమా?"

"ముందు మూడు పేజీలు. నచ్చితే పుస్తకం మొత్తం ఇస్తారు."

"ఏం పుస్తకం?"

"తేనెటీగల గురించి."

"నీకు తేనెటీగల గురించి ఏం తెలుసే?"

"బస్సుల గురించి మాత్రం ఏం తెలుసక్కా? ఒక్కటైనా నడిపానా?"

నేను సూదిలోకి దారం ఎక్కించుకున్నాను.

చిన్న మైకు కొనుక్కుని, ఫోనుకి తగిలించి, వాళ్ల వెనక గదిలో కూర్చుని చదివింది. నా దుకాణంలో కుదరదు. గుమ్మం అవతలే రోడ్డు, పొద్దస్తమానం హారన్లు. వెనక గది అయితే పెరటి వైపు, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. కింద నున్నటి పలకలు, గోడలకి ఆ మధ్యే వేయించిన మెరిసే రంగు, ఒక గాజు కిటికీ, ఒక ఇనప బీరువా, ఒక మంచం. ఆ గదిలో కూర్చుని మూడు పేజీలూ తప్పు పోకుండా చదివి పంపింది.

రెండు రోజులకి కంపెనీ నుంచి ఒకాయన ఫోను చేశాడు. అక్కడ అందరూ పంపినవి కూర్చుని వినడమే ఆయన ఉద్యోగమట. మేం చెవులాయన అని పేరు పెట్టుకున్నాం. తోటికోడలు ఫోను స్పీకరులో పెట్టింది.

"అమ్మా, చదవడం బావుంది. గదే బాలేదు."

"గది బాలేకపోవడం ఏమిటండీ?"

"గోడలు కూడా మాట్లాడుతున్నాయి."

నేను ఊరుకోగలనా? "మా గోడలకి నోరు లేదు నాయనా. ఈ మధ్యే రంగు కూడా వేయించాం" అన్నాను.

అవతల ఆయన, "మీరెవరండీ?" అన్నాడు.

"నేను తోటికోడల్ని."

"నమస్కారమండీ. ఆవిడ గొంతు గోడలకి తగిలి వెనక్కి వచ్చి మళ్లీ మైకులో పడుతోంది. స్నానాల గదిలో కూర్చుని చదివినట్టు ఉంది. గదిని కాస్త మెత్తబరచండి. మొత్తం మూడుసార్లు పంపే వీలుంది."

గదిని మెత్తబరచడం ఏమిటో మా ఇద్దరికీ అర్థం కాలేదు. కానీ మా మరిదికి వెంటనే అర్థమైపోయింది, అతనికి అన్నీ అంతే. మర్నాడు బేకరీ నుంచి గుడ్ల అట్టలు మోసుకొచ్చాడు. ముప్ఫై గుడ్లు పట్టే గుంటల అట్టలు, అరవై దాకా. సినిమావాళ్లు ఇవే అంటిస్తారని ఎవరో చెప్పారట. మైదాపిండి ఉడికించి, కిటికీ ఉన్న గోడ మొత్తం అంటించాడు. గదిలో పెంకు వాసన.

"ఏమయ్యా, ఇందులో కోళ్లని ఎప్పుడు వదులుతావు?" అన్నాను.

"నవ్వు వదినా, నవ్వు. రేపు నీకే తెలుస్తుంది."

తోటికోడలు ఆ అట్టల ముందు కూర్చుని రెండు వాక్యాలు చదివి వినిపించుకుంది. ఏ తేడా లేదంది. కాగితం అట్ట, పలచన. అది ఏం ఆపుతుంది! మా మరిది మొహం మాడ్చుకుని, "తేనెటీగల పుస్తకమేగా, కాస్త మోగితే ఏం పోయింది? ఈగలు మోగవూ?" అన్నాడు.

అప్పుడు నేను లేచాను. మెత్తన అంటే గుడ్డ, గుడ్డ అంటే నేను. ఇంట్లో నన్ను పెట్టుకుని గుడ్ల అట్టల దగ్గరికి పోవడం ఏమిటి? దుకాణంలో ఒక మంచి తాను ఉంది, మందపాటి నూలు, చిక్కటి నేత. నాలుగు గోడలకీ సరిపడా కత్తిరించాను. అంచులు మడిచి కుట్టాను. నా పనితనం నలుగురికీ తెలియాలని మామూలుగా పెట్టేదానికి రెట్టింపు గంజి పెట్టాను. ఇస్త్రీ చేసి, చెక్కబద్దలకి బిగించి, గోడకి ఆనించి మేకులు కొట్టించాను. ఎక్కడా ఒక్క ముడత లేదు. మరిది గుడ్ల అట్టల మీద కూడా కప్పేశాను. నాలుగు రోజుల పని. పక్కింటి పంతులమ్మ వచ్చి చూసి, "గది కొత్త పుస్తకానికి అట్ట వేసినట్టుంది పెద్దమ్మా" అంది. ఆ మాట నేను రెండు రోజులు నెమరువేసుకున్నాను.

తోటికోడలు ఆ గదిలో చదివి రెండోసారి పంపింది. సోమవారం పొద్దున చెవులాయన ఫోను చేశాడు.

"ఇంకా మోగుతోందమ్మా. మొదటిదానికీ దీనికీ పెద్ద తేడా లేదు."

"నాలుగు గోడలకీ గుడ్డ కట్టామండీ."

"ఏమోనమ్మా. నాకిక్కడ మోగుతోంది. ఇంకొక్క అవకాశం ఉంది. శుక్రవారం లోపు పంపండి. ఆ తరవాత పుస్తకం వేరేవాళ్లకి ఇచ్చేస్తారు, నా చేతిలో ఏమీ లేదు."

ఫోను పెట్టేసి తను కాసేపు కర్టెన్ల వంక చూసింది. తరవాత మైకు తీసి, వైరు చుట్టి, డబ్బాలో పెట్టింది.

"గది కాదక్కా. గొంతే."

"ఏం మాటే అది?"

"మిషను పెట్టినప్పుడు మా పైఅధికారి కూడా ఇదే అన్నాడు. 'మీ గొంతు మోగుతోందమ్మా, మిషనుది అయితే ఒక్కలా ఉంటుంది' అన్నాడు. ఇప్పుడు ఈయనా మోగుతోందనే అంటున్నాడు. ఒకరికొకరు తెలియని ఇద్దరు అదే మాట ఎందుకంటారు? నువ్వు మాత్రం? ముప్ఫై ఏళ్ల నుంచి ఈ గొంతు బస్టాండులో పెట్టి రమ్మంటూనే ఉన్నావు. వినేవాళ్లకి తెలుస్తుంది అక్కా. నాకే తెలియలేదు."

నిష్ఠూరంగా అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. బస్సు గంట ఆలస్యమని చెప్పినట్టు చెప్పింది. డబ్బా బీరువా మీద పెట్టి వంటగదిలోకి వెళ్లిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ దానికంటే ఎక్కువగా ఒక పురుగు తొలచడం మొదలుపెట్టింది. అసలు మోగడం అంటే ఏమిటి? గొంతు గోడ దాకా వెళ్లి వెనక్కి వస్తుందన్నాడు కదా, మరి మధ్యలో గుడ్డ ఉంది కదా, దాన్ని దాటి ఎలా వస్తోంది? నా గుడ్డని దాటి! తన సంగతి అలా ఉంచి, ముందు నాకు ఈ సంగతి తేలాలి.

మంగళవారం పొద్దున వెనక గది మధ్యలో నిలబడి, రెండు చేతులూ చాచి ఒకే ఒక్క చప్పట కొట్టాను. చప్పుడు అయిపోయాక కూడా గోడల మధ్య ఏదో సన్నగా 'టింగ్‌ర్ర్' అంది, బిందె మీద గోరు గీసినట్టు. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. అరవై ఏడేళ్లు బతికాను, గది నాకు జవాబు చెబుతుందని అప్పటిదాకా గమనించనే లేదు.

ఇక ఇల్లంతా తిరిగాను. స్నానాల గదిలో కొడితే చప్పుడు చాలాసేపు తిరిగి తిరిగి పోయింది. మెట్ల దగ్గర పైకి ఎక్కి దిగి వచ్చింది. వంటగదిలో స్టీలు గిన్నెలు కూడా వంత పాడాయి. వంగి మంచం కింద తల పెట్టి కొట్టాను. మేడ మీదికి వెళ్లి కొట్టాను, అక్కడ అసలు ఏమీ తిరిగి రాలేదు, వెళ్లింది వెళ్లినట్టే. పిట్టగోడ అవతలి నుంచి పంతులమ్మ తొంగి చూసింది.

"ఏం పెద్దమ్మా, దోమలా?"

"అవునమ్మా, ఒకటి ఇప్పుడే వాలింది" అన్నాను తన వంక చూస్తూ.

కిందికి వచ్చి, చివరికి నా దుకాణంలో కొట్టాను. చప్పుడు నా చేతుల్లోనే చచ్చిపోయింది. కొట్టానో లేదో నాకే అనుమానం వచ్చి ఇంకోసారి కొట్టాను. అంతే. టప్, అయిపోయింది. రోడ్డు మీద లారీ హారను మామూలుగానే లోపలికి వచ్చింది, దాన్ని ఏదీ ఆపలేదు. కానీ లోపల పుట్టిన చప్పుడు మాత్రం వెనక్కి రాలేదు. బయటనుంచి వచ్చే చప్పుడు వేరు, లోపల తిరిగే చప్పుడు వేరు అని అప్పుడు తెలిసింది.

ఇక్కడా గుడ్డే, అక్కడా గుడ్డే. ఆ మాటకొస్తే అక్కడున్నది ఇదే తానులోది. మిగిలిన ముక్క బల్ల మీదే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని వెనక గదిలోకి వెళ్లాను. గోడకి బిగించిన నా కర్టెనుని వేలితో కొట్టి చూశాను. టకటకమంది, తలుపు తట్టినట్టు. చేతిలో ముక్కని కొడితే వేలు అందులోకి దిగింది గానీ చప్పుడు లేదు.

పరుపుల పనివాళ్లు పరుపుకి తొడిగే గలేబు గుడ్డని నోటికి అడ్డం పెట్టి ఊదుతారు. ఊపిరి అవతలికి పోతే ఆ గుడ్డ మంచిది, దూది ఆరుతుంది. పోకపోతే లోపల ముక్కిపోతుంది. మా ఆయన నేర్పిన మొదటి పని అది. చేతిలో ముక్కని మూతికి ఆనించి ఊదాను. అవతల అరచేతికి వెచ్చగా తగిలింది. తరవాత ఒక మేకు పీకి, గోడ మీది గుడ్డ మూలని లాగి, దానికి మూతి ఆనించి ఊదాను. బుగ్గలు ఉబ్బాయి. అవతల ఏమీ లేదు. మళ్లీ ఊదాను. ఊపిరి వెనక్కి తిరిగి నా ముక్కు మీదే పడింది.

నా గంజి. నేత కన్నాలన్నీ పూడ్చేసింది. ఊపిరి దూరని గుడ్డలోకి గొంతు ఎలా దూరుతుంది? నేను గోడలకి గుడ్డ కట్టలేదు, నాలుగు కొత్త గోడలు కట్టాను.

ఆ మంచం మీదే కూర్చున్నాను. తెలుసుకున్నందుకు కాస్త సంతోషం కూడా వేసింది, అబద్ధం ఎందుకు. ఆ వెనకే రెండో సంగతి తట్టింది. తెలిసింది నాకొక్కదానికే. చెప్పాలంటే నా నోటితో నేనే చెప్పాలి.

ఆ పూట చెప్పలేదు. దొంగదారి వెతికాను. సాయంత్రం, "కర్టెన్లు మాసిపోయాయి, ఉతుకుతాను" అన్నాను.

"వారం కాలేదుగా అక్కా. ఉండనీ, అందంగా ఉన్నాయి. ఎలాగూ నేనిక చదవను."

బుధవారం పొద్దున తను బీరువా మీది డబ్బా తీసి మొగుడి చేతిలో పెట్టడం చూశాను. "కొన్న దుకాణంలో వెనక్కి తీసుకుంటారేమో కనుక్కో" అంటోంది. అతను స్కూటరు తాళం వెతుక్కుంటున్నాడు. ఇంక దాచడానికి చోటు లేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఆ డబ్బా అక్కడ పెట్టవయ్యా. ఏమే, ఇలా రా. తప్పు నాది."

"ఏమిటక్కా?"

"వినపడలేదూ? బస్టాండులో పని చేసినదానివి."

"వినపడింది. అర్థం కాలేదు."

"గంజి ఎక్కువైంది. గుడ్డ బిర్రబిగిసి గోడలా తయారైంది. నీ గొంతు దానికి తగిలి వెనక్కి వస్తోంది. మోగేది నీ గొంతు కాదు, నా గంజి."

ఇద్దరూ నా వంక గుడ్లప్పగించి చూశారు. మా మరిది మెల్లగా, "వదినా, ఆ మొదటిది ఇంకోసారి చెప్పవూ? ముప్ఫై ఏళ్లలో వినలేదు" అన్నాడు.

"నీ గుడ్ల అట్టలు కూడా దండగే. అది చెప్పమంటావా ఇంకోసారి?"

తోటికోడలు నమ్మలేదు. తనని ఓదార్చడానికి అంటున్నాననుకుంది. నేను ఓదార్చే మనిషినా? చెయ్యి పట్టుకుని దుకాణంలోకి లాక్కెళ్లి చప్పట్లు కొట్టించాను. వెనక గదిలోకి లాక్కెళ్లి కొట్టించాను. గుడ్డ ముక్క నోటికిచ్చి ఊదించాను, గోడ మీది గుడ్డని ఊదించాను. నాలుగోసారి ఊది, ఉబ్బిన బుగ్గలతోనే ఆగిపోయింది.

"అక్కా, బస్టాండు మైకు గదిలో మా వెనక గోడకి ఒక పాత తివాచీ ఉండేది. దుమ్ము. తుమ్ములు వచ్చేవి. ఎవడు తగిలించాడో అని ఇరవై రెండేళ్లు తిట్టుకున్నాను. మరి దాన్ని..."

"ఎవడో నాలాంటివాడే. కాకపోతే గంజి పెట్టనివాడు."

అప్పుడు నవ్వింది.

ఆ రోజంతా ఇద్దరం ఉతుకుడే. వేడినీళ్లలో మూడుసార్లు జాడిస్తే గాని గంజి వదల్లేదు. నా చేతి గంజి పేరంతా పాలలా తూములోకి పారింది, అది వేరే సంగతి. బట్టలు మేడ మీద ఆరేసి, ఈలోపు మా మరిది చేత గోడలకి కర్టెను కడ్డీలు కొట్టించాను. గోడకి ఆనించి కాదు, అరచెయ్యి వెడల్పు ఎడంగా. గుడ్డ వెనక గాలి ఆడాలి, పరుపు కింద ఆడినట్టు. సాగదీయకుండా నిండుగా కుచ్చిళ్లు పోసి వేలాడదీశాను. తను కూర్చునే చోటు వెనక రెండు పాత బొంతలు. మూలల్లో నిలబెట్టిన దూది పరుపులు. కింద జంపఖానా. చదివే బల్ల మీద దుప్పటి. తల మీద కూడా ఒక బొంత, తాళ్లతో పందిరిలా కట్టించాను. పనిలో పనిగా ముందు వైపు కూడా రెండు పరుపులు పెట్టేశాను. ఎక్కువైతే ఏం పోయింది అనుకున్నాను. ఆ బుద్ధితోనే కదా గంజి కూడా పెట్టింది!

తను ఒక పేజీ చదివింది. "నువ్వే విను అక్కా" అని ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టింది. నేను అవి ఎప్పుడూ పెట్టుకోలేదు. తన గొంతు నా తల లోపల, రెండు చెవులకీ మధ్య పుట్టింది. అదిరిపడి తన వంక చూశాను. తన నోరు మూసే ఉంది.

టింగ్‌మనడం పోయింది. కానీ మాట పరుపులో కూరుకుపోయి మాట్లాడినట్టు ఉంది. 'స', 'శ' అన్నీ మొద్దుబారిపోయాయి. ముందున్న పరుపుల్లో ఒకటి తీయించాను. మళ్లీ చదివించి విన్నాను. రెండోదీ తీయించాను. మాటకి అంచు వచ్చింది. కుర్చీ గది నడిమధ్యలో ఉంది, దాన్ని కాస్త వెనక్కి, బొంతల వైపు జరిపించాను. అలా పదకొండుసార్లు. తనకి విసుగు పుట్టింది గాని నాకు పుట్టలేదు. అటు జరిపితే ఇలా, ఇటు జరిపితే అలా. కంటికి కనపడనిది ఒకటి గదిలో తిరుగుతోంది, అది ఎటు పోతోందో చెవితో పట్టుకోవడం. నాకు ఈ పని ముందే తెలిసి ఉంటే పరుపులు కుట్టేదాన్నే కాదేమో.

ఇంకొక సంగతి కూడా విన్నాను. ప్రతి వాక్యం ముందూ తను చిన్నగా ఊపిరి తీసుకుంటుంది. తేనెటీగ గూడు వెతుక్కునే చోట లోలోపల నవ్వుకుంటూ చదివింది, పెదవులు నవ్వలేదు, గొంతు నవ్వింది. ముప్ఫై ఒక్క ఏళ్లు పక్కనే ఉండి ఇది నాకు తెలియలేదు. తనతో చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, చదువుకుంటే చదువుకుంటుంది.

గురువారం మధ్యాహ్నం అసలు చదువు. ఫ్యాను ఆపాం. ఫ్రిజ్ గురగుర గోడ అవతలి నుంచి వస్తోందని అదీ ఆపాం. మళ్లీ వేయడం మరిచిపోకుండా మా మరిది స్కూటరు తాళం తీసి ఫ్రిజ్ లోపల పెట్టాను. అతను బయటికి పోవాలంటే అది తెరవాల్సిందే, తెరిస్తే లోపల చీకటిగా ఉంటుంది, గుర్తొస్తుంది. అతను ఇల్లంతా వెతుక్కుంటూ తిరిగాడు, గొంతు ఎత్తడానికి వీల్లేదు కనుక నోరు మూసుకునే తిట్టుకున్నాడు.

నేను గదిలోనే, తలుపు పక్కన పరుపుకి ఆనుకుని కూర్చున్నాను. మూడు పేజీలూ చదివింది. ఆఖరి వాక్యం అయ్యాక నేను ఆగలేకపోయాను. లేచి, ఒకే ఒక్క చప్పట కొట్టాను. చప్పుడు నా చేతుల్లోనే ఆగిపోయింది.

"అక్కా! ఇంకా రికార్డు అవుతోంది!"

మళ్లీ చదవమన్నాను. "ఇంత బాగా మళ్లీ రాదు" అంది. అలాగే పంపేసింది.

శుక్రవారం ఫోను రాలేదు. శనివారం రాలేదు. ఆ రెండు రోజులూ తను మూడు మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ. ఆదివారం సాయంత్రం నేను మిషను మీద ఉండగా వంటగదిలో ఫోను మోగింది. తను పరుగున నా దగ్గరికి తెచ్చి స్పీకరు నొక్కింది.

"అమ్మా, పుస్తకం మీదే. పదమూడు అధ్యాయాలు. గది ఇలాగే ఉంచండి, ఏదీ కదపకండి" అన్నాడు చెవులాయన.

తను నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఒక్క సందేహమమ్మా. ఆఖర్న ఏదో చప్పట ఉంది. అదేమిటి?"

నేను ఫోను దగ్గరికి వంగాను. "అది నేను నాయనా, తోటికోడల్ని. అది వెనక్కి తిరిగొచ్చిందా, చెప్పు."

"అంటే?"

"కొట్టాక ఇంకా ఏమైనా వినపడుతోందా అని. మళ్లీ ఒకసారి వినరాదూ."

అవతల ఏదో నొక్కిన చప్పుడైంది. నిజంగానే పెట్టుకుని వింటున్నాడు.

"లేదండీ. ఏమీ రాలేదు."

"అయితే తీసెయ్యి" అన్నాను.

తను ఫోను పట్టుకుని వంటగదిలోకి వెళ్లింది. నేను మళ్లీ మిషను మీద కాళ్లు పెట్టానో లేదో, గుమ్మంలోంచి ఇల్లదిరేలా వినపడింది.

"ప్రయాణికులకు గమనిక! ముందు గదిలో ఉన్న పెద్దావిడ దయచేసి చేతులు కడుక్కొని రావలెను!"

ఏదో అనబోయాను. తరవాత అనవచ్చులే అని లేచి చేతులు కడుక్కున్నాను.